పనితీరు బాగుపడాలంటే ముందు చూడవలసింది మనిషినా, పని ఏర్పాటునా?

2016 సెప్టెంబరులో అమెరికాకు చెందిన వెల్స్ ఫార్గో బ్యాంకుపై నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా విధించాయి. ఖాతాదారులకు తెలియకుండా వారి పేర్ల మీద సిబ్బంది లక్షల సంఖ్యలో డిపాజిట్ ఖాతాలు తెరిచారని, క్రెడిట్ కార్డులకు దరఖాస్తులు పెట్టారని బయటపడింది. ఈ వ్యవహారంలో అప్పటికే దాదాపు 5,300 మంది ఉద్యోగులను బ్యాంకు తొలగించింది. అంతకు ముందు వరకూ ఇదే బ్యాంకును, ఒక్కో ఖాతాదారుకు ఎక్కువ సేవలు అమ్మడంలో ఆదర్శమని పరిశ్రమ మెచ్చుకునేది. ఒక్కో కుటుంబానికి ఎనిమిది సేవలు అమ్మాలన్నది అక్కడి లక్ష్యం. శాఖల్లో రోజువారీ లెక్కలు అడగడం, వెనుకబడిన వారిపై పైనుంచి ఒత్తిడి రావడం మామూలుగా మారిపోయింది. చివరకు 2020లో ఆ బ్యాంకు మరో 300 కోట్ల డాలర్లు చెల్లించి కేసులు పరిష్కరించుకోవలసి వచ్చింది.

ఒకరిద్దరు తప్పు చేస్తే వారి నిజాయతీని ప్రశ్నించవచ్చు. వేల మంది, ఒకరి ముఖం ఒకరు ఎరగకుండా, వేర్వేరు ఊళ్లలో ఒకే తప్పును ఒకే తీరులో చేశారంటే మాత్రం, ఆ తప్పును పుట్టించే ఏర్పాటు ఒకటి అక్కడ నడుస్తోందని ఒప్పుకోక తప్పదు. పనితీరు సంస్కృతి గురించి జరిగే చర్చలు చాలా వరకు ఈ మెట్టు దగ్గరే జారిపోతాయి. ఫలితాలు వస్తే మనుషులు గట్టివాళ్లని, రాకపోతే సోమరులని తేల్చేయడం సులువు. లక్ష్యాలు ఎలా పెట్టారు, పని ఎలా పంచారు, చెడు వార్త చెప్పినవాడికి ఏమైంది అని అడగడం కష్టం. ఒక సంస్థలో పనితీరు ప్రధానంగా పని ఏర్పాటు నుంచి వస్తుందని, మనుషుల మీద ఒత్తిడి పెంచి దాన్ని రాబట్టాలని చూస్తే అది కొంతకాలం కనిపించి ఆ తర్వాత ఆ మనుషులనే తినేస్తుందని ఈ వ్యాసం వాదన.

ముందుగా కొలమానాల సంగతి. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ, గణాంకాల్లో నిలకడగా కనిపించే ఏ సంబంధాన్నైనా నియంత్రణకు వాడుకోవడం మొదలుపెట్టగానే అది చెదిరిపోతుందని గమనించారు. కొలమానమే లక్ష్యంగా మారితే అది మంచి కొలమానంగా మిగలదన్న సూటి రూపాన్ని ఆ మాటకు తర్వాత మానవశాస్త్రవేత్త మారిలిన్ స్ట్రాథర్న్ ఇచ్చారు. ఇది ఆఫీసుల్లో ఎలా పనిచేస్తుందో చూడడానికి ఒక కాల్ సెంటర్‌ను ఊహించుకుంటే చాలు. ఒక్కో కాల్‌కు సగటున ఎన్ని నిమిషాలు పడుతోందన్న లెక్క, ఏ రకం సమస్యలు పరిష్కరించడం కష్టమవుతోందో తెలుసుకోవడానికి ఎంతో పనికొస్తుంది. అదే లెక్కను ఇన్సెంటివ్‌తో ముడిపెట్టిన మరుసటి నెల నుంచి, సమస్య తేలకముందే కాల్ ముగించడం అలవాటవుతుంది. వినియోగదారు మళ్లీ ఫోన్ చేస్తాడు, అది కొత్త కాల్‌గా నమోదవుతుంది, అదీ త్వరగానే ముగుస్తుంది. కాల్‌ల సంఖ్య పెరిగి, సగటు సమయం తగ్గి, నివేదికలో రెండు అంకెలూ కళకళలాడుతుంటాయి. వినియోగదారు సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

దీనికి కొలవడం మానేయడం పరిష్కారం కాదు. నా దృష్టిలో ఇక్కడ పాటించవలసిన నియమం ఒకటే: నేర్చుకోవడానికి వాడే అంకెను, జీతం నిర్ణయించడానికి వాడే అంకెను వేరుగా ఉంచాలి. ఒకే అంకె ఈ రెండు పనులూ చేయలేదు, ఎందుకంటే జీతానికి ముడిపడిన అంకెను అందంగా చూపించవలసిన అవసరం, దాన్ని నమోదు చేసే మనిషికే ఉంటుంది.

కొలమానాల తర్వాత వచ్చేది మనుషులకు ర్యాంకులు వేయడం. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో జాక్ వెల్చ్ హయాంలో ఉద్యోగులను పై 20 శాతం, మధ్య 70 శాతం, కింది 10 శాతంగా విభజించి, కింది పది శాతం మందినీ సాగనంపే పద్ధతి పేరు పొందింది. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో సంస్థలు దాన్ని అనుసరించాయి. మైక్రోసాఫ్ట్ తనదైన ఇలాంటి పద్ధతిని 2013 నవంబరులో వదిలేసింది. అడోబి అంతకు ముందే, 2012లో, వార్షిక రేటింగ్‌నే తీసేసింది. ఇలాంటి పద్ధతి వల్ల పక్క సీటులో ఉన్న సహోద్యోగి పోటీదారుగా మారిపోతాడు. అతడికి సాయం చేస్తే నా ర్యాంకు పడిపోవచ్చు. బాగా పనిచేసేవారు బాగా పనిచేసే మరొకరి టీమ్‌లోకి వెళ్లడానికి వెనకాడతారు. ఇంతకీ ఆ ర్యాంకు దేన్ని కొలుస్తోందన్న ప్రశ్న ఒకటుంది. స్టీవెన్ స్కల్లెన్, మైకేల్ మౌంట్, మేనార్డ్ గాఫ్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన విశ్లేషణలో, మేనేజర్లకు వచ్చిన రేటింగ్‌లలో కనిపించే తేడాల్లో 62 శాతం దాకా రేటింగ్ ఇచ్చినవారి వ్యక్తిగత ధోరణి నుంచే వస్తున్నాయని తేలింది. అంటే ఆ కాగితం మీద ఉన్న అంకె, పొందినవారికంటే ఇచ్చినవారి గురించే ఎక్కువ చెబుతోంది.

నాణ్యతా నిర్వహణలో పేరున్న అమెరికన్ గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ తన శిక్షణ తరగతుల్లో ఈ విషయాన్నే ఒక ఆటగా ఆడించి చూపేవారు. ఒక పెట్టెలో తెల్ల పూసలు, ఎర్ర పూసలు కలిపి ఉంటాయి; ఎర్రవి ఐదింట ఒక వంతు. సభలోంచి ఆరుగురిని కార్మికులుగా పిలుస్తారు. ఒక్కొక్కరూ యాభై గుంటలున్న పలకను పెట్టెలో ముంచి యాభై పూసలు తీయాలి. ఎర్ర పూస వస్తే అది లోపమున్న సరుకు. ఒకరికి ఆరు ఎర్ర పూసలు వస్తాయి, మరొకరికి పద్నాలుగు. ఫోర్‌మన్ వేషంలో ఉన్న డెమింగ్, ఆరు వచ్చినవారిని మెచ్చుకుంటారు, పద్నాలుగు వచ్చినవారిని మందలిస్తారు. మరుసటి విడత మెచ్చుకున్నవారికి ఎక్కువ వస్తే, పొగడ్తకు పొంగిపోయి పని మరిచారని అంటారు. మందలించినవారికి తక్కువ వస్తే, మందలింపు ఫలించిందని అంటారు. చివరికి ‘నాసిరకం’ కార్మికులను తీసేసి ‘మేలైన’ వారితో నడిపినా ఎర్ర పూసలు తగ్గవు. పెట్టెలో ఉన్నదే పలకలోకి వస్తుంది, పెట్టెను నింపింది కార్మికులు కాదు. చూసేవారు నవ్వుతారు. ఆ తర్వాత తమ ఆఫీసులో గత ఏడాది ఎవరికి ఏ కారణంతో ఇంక్రిమెంట్ ఆగిందో గుర్తొచ్చి కొందరి నవ్వు ఆగిపోతుంది.

నిజజీవితంలో మనుషుల మధ్య తేడాలు అసలే లేవని ఈ ఆట చెప్పడం లేదు. తేడాలు ఉంటాయి. అయితే, ఒకరి ఫలితంలో ఎంత భాగం వారి చేతుల్లో ఉంది, ఎంత భాగం పెట్టెలో ఉందన్నది తేల్చకుండా బహుమతులు, శిక్షలు పంచితే, అదృష్టానికి బహుమతి ఇచ్చి దురదృష్టాన్ని శిక్షించినట్టే అవుతుంది.

మరి, ఇంత లోపమున్న పద్ధతులు అన్నేళ్లు ఎలా చెలామణీ అవుతాయి? వాటితో మొదట్లో నిజంగానే ఫలితం వస్తుంది కాబట్టి. ఎంఐటీకి చెందిన నెల్సన్ రెపెనింగ్, జాన్ స్టెర్మన్ 2001లో ఈ చిక్కును వివరించారు. పనిలో వెనకబడిన టీమ్ ముందు రెండు దారులుంటాయి: ఎక్కువ గంటలు పనిచేయడం, లేదా పని చేసే పద్ధతిని బాగుచేసుకోవడం. మొదటి దారిలో ఫలితం ఈ వారమే కనిపిస్తుంది. రెండో దారిలో, పద్ధతి బాగుచేయడానికి కేటాయించిన గంటలు రోజువారీ పనిలోంచి పోతాయి కనుక, ముందు ఫలితం తగ్గి, నెలల తర్వాత పెరుగుతుంది. ఒత్తిడిలో ఉన్నవారు సహజంగానే మొదటి దారి పడతారు. అందుకోసం శిక్షణను వాయిదా వేస్తారు, యంత్రాల నిర్వహణను దాటవేస్తారు, ఎలా చేయాలో రాసిపెట్టడం మానేస్తారు. వీటిలో ఏదీ మానేసిన రోజున నష్టం చూపదు. నష్టం బయటపడే సరికి, దాన్ని పూడ్చడానికి ఇంకా ఎక్కువ గంటలు కావలసి వస్తాయి, బాగుచేసుకునే తీరిక ఇంకా తగ్గిపోతుంది. మధ్యలో మేనేజర్‌కు కనిపించేది ఒక్కటే: ఒత్తిడి పెంచినప్పుడల్లా పని జరిగింది. అందుచేత ఒత్తిడే మందు అని అతడు నమ్ముతాడు, అనుభవపూర్వకంగా నమ్ముతాడు.

ఇలాంటి చోట ఒక ప్రత్యేకమైన వీరుడు తయారవుతాడు. రాత్రి రెండింటికి సర్వర్ ఆగిపోతే లేచి సరిచేసేవాడు, చివరి నిమిషంలో ఆర్డర్‌ను గట్టెక్కించేవాడు. అందరి ముందూ చప్పట్లు అతడికే. అతడి శ్రమను తక్కువ చేయనక్కరలేదు. కానీ తన విభాగంలో రాత్రి రెండింటికి ఏదీ ఆగిపోకుండా ముందే చూసుకున్న మరో ఉద్యోగి పేరు ఏ సభలోనూ వినిపించదు. జరగని ప్రమాదానికి రుజువు చూపడం ఎవరివల్లా కాదు. ఏ సంస్థలోనైనా సంస్కృతి ఎలా ఉందో తెలుసుకోవాలంటే గోడల మీది విలువల పట్టికకు బదులు, గత రెండేళ్లలో ఎవరెవరికి ప్రమోషన్లు వచ్చాయి, ఏ పనికి వచ్చాయి అన్నది చూడాలి. కొత్తగా చేరినవారు చేసే మొదటి పనీ ఇదే.

పని గంటల విషయంలో ఆధారాలు చాలా పాతవి, చాలా స్పష్టమైనవి కూడా. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన కార్మికుల, ముఖ్యంగా మహిళల, ఉత్పత్తి లెక్కలను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్కవెల్ 2014లో మళ్లీ పరిశీలించారు. వారానికి సుమారు 49 గంటల వరకు ఉత్పత్తి గంటలకు తగ్గట్టే పెరిగింది. ఆ పైన పెరుగుదల నెమ్మదించింది. 70 గంటలు పనిచేసినప్పటి మొత్తం ఉత్పత్తికీ, 56 గంటలు పనిచేసినప్పటి ఉత్పత్తికీ పెద్ద తేడా లేదు. ఆదివారం సెలవు లేకపోవడం కూడా ఉత్పత్తిని దెబ్బతీసింది. యుద్ధంలో ఉన్న దేశానికి తుపాకి గుండ్లు చేసే చోటే పరిస్థితి ఇదైతే, తప్పును పట్టుకోవడానికి చురుకైన బుర్ర కావలసిన పనుల్లో ఇంకెలా ఉంటుందో ఊహించవచ్చు. ఆరోగ్యం వైపు నుంచి చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ.

అయితే గంటలు తగ్గిస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడం పొరపాటు. పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనా ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. పని నుంచి వచ్చే ఒత్తిడిని ఆయన రెండు ప్రశ్నలతో చూశారు: పని ఎంత డిమాండ్ చేస్తోంది, ఆ పనిని ఎలా చేయాలన్న విషయంలో మనిషికి ఎంత స్వేచ్ఛ ఉంది. డిమాండ్ ఎక్కువ, స్వేచ్ఛ కూడా ఎక్కువ ఉన్న ఉద్యోగాల్లో మనుషులు నేర్చుకుంటారు, ఎదుగుతారు. డిమాండ్ ఎక్కువై స్వేచ్ఛ లేనప్పుడే మనిషి కుంగిపోతాడు. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో కూడా, పనిపై తమకు పట్టు తక్కువగా ఉన్నవారిలో గుండె జబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. కనుక కష్టమైన లక్ష్యం దానంతటదే అనారోగ్యకరం కాదు. గడువూ నాది కాదు, పద్ధతీ నాది కాదు, మనుషులను ఎంచుకునే వీలు లేదు, అయినా ఫలితం మాత్రం నా నెత్తిన ఉంది అన్న పరిస్థితి అనారోగ్యకరం. మధ్యస్థాయి మేనేజర్లలో చాలామంది ఉన్నది సరిగ్గా ఇక్కడే, వారి గురించి మాట్లాడేవారు తక్కువ.

బర్నౌట్ అన్న మాట ఈమధ్య ప్రతి అలసటకూ వాడేస్తున్నారు కానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిణామంగా చేర్చింది. సరిగా సంబాళించలేకపోయిన దీర్ఘకాలిక పని ఒత్తిడి దీనికి మూలమని, శక్తి హరించుకుపోవడం, పని పట్ల విముఖత లేదా ఏవగింపు, తన పనితీరు తగ్గిపోయిందన్న భావన దీని మూడు లక్షణాలని పేర్కొంది. మూలం పనిలో ఉన్నప్పుడు మందు మనిషికి ఇస్తే ఏమవుతుందో చూడాలంటే, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనం ఉంది. బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల సమాధానాలను ఆయన పరిశీలించారు. ధ్యానం యాప్‌లు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణలు వంటివాటిలో పాల్గొన్నవారి మానసిక స్థితి, పాల్గొననివారికంటే మెరుగ్గా ఏమీ లేదు. వాటిని పెట్టడంలో తప్పులేదు. కానీ ఖాళీలు భర్తీ చేయకుండా ముగ్గురి పని ఒకరితో చేయించుకుంటూ, శుక్రవారం సాయంత్రం ప్రాణాయామం క్లాసుకు హాజరు తప్పనిసరి చేసే సంస్థను చూసి ఉద్యోగులు నవ్వుకుంటారే తప్ప కృతజ్ఞత చూపరు.

కొలమానాలు, ఒత్తిడి అన్న రెండు ముళ్ల తర్వాత ఇక మూడో ముడి, మౌనం. హార్వర్డ్‌కు చెందిన ఏమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆస్పత్రి టీమ్‌లను గమనిస్తూ, బాగా కలిసి పనిచేసే టీమ్‌లలో మందులిచ్చే విషయంలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి: మంచి టీమ్‌లలోనే నమోదైన పొరపాట్లు ఎక్కువ. తరచి చూస్తే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవాటిని దాచడం లేదు. మిగతా చోట్ల తప్పులు కాగితం మీదికి రావడమే లేదు. మాట్లాడితే ముప్పు లేదన్న ఈ నమ్మకాన్ని ఆమె 1999లో ప్రచురించిన పరిశోధనలో మానసిక భద్రతగా నిర్వచించారు. టయోటా కర్మాగారాల్లో దీనికి కళ్లకు కనిపించే రూపమే ఉంది: అసెంబ్లీ లైన్‌లో లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా ఆండాన్ అనే హెచ్చరిక తాడు లాగవచ్చు. వెంటనే టీమ్ లీడర్ అక్కడికి వస్తాడు. నిర్ణీత స్థానానికి చేరేలోగా సమస్య తేలకపోతే లైన్ ఆగుతుంది. తాడు కట్టడం తేలిక. లాగినవాడితో ఆ మొదటి నిమిషంలో ఎలా మాట్లాడతారన్న దాని మీదే, రెండోసారి ఎవరైనా లాగుతారా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

సోమవారం ఉదయం సమీక్షా సమావేశాన్ని ఒకసారి దగ్గర నుంచి చూడండి. మేనేజర్ అందరినీ చూస్తూ, “అంతా సవ్యంగానే నడుస్తోంది కదా, ఎవరికైనా ఇబ్బంది ఉందా?” అని అడుగుతారు. “లేదండీ” అని నలుగురూ అంటారు. ఆ ప్రశ్నలోనే సమాధానం ఉంది. ఇబ్బంది ఉందని చెప్పేవాడు తన చేతగానితనాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. అదే మేనేజర్, “ఈ వారం ఏ పని, ఎవరి సమాధానం కోసం ఎదురుచూస్తూ ఆగింది?” అని అడిగితే, ఆగిన పని ఒకటి ఉంటుందన్న విషయం ముందే అంగీకరించినట్టవుతుంది, చెప్పేవాడి పరువు పోదు. “కొనుగోళ్ల విభాగం నుంచి అనుమతి రాలేదండీ, గురువారం దాటితే గడువు తప్పుతుంది” అన్న మాట అప్పుడు బయటికి వస్తుంది. ఆ మాటకు మేనేజర్ “ముందే ఎందుకు చెప్పలేదు?” అని విసుక్కుంటే వచ్చే సోమవారం మళ్లీ అందరికీ అంతా సవ్యంగానే ఉంటుంది.

మానసిక భద్రత అంటే అందరూ మెత్తగా మాట్లాడుకోవడం, ఎవరినీ ఏమీ అనకపోవడం అని అర్థం చేసుకునేవారు ఉన్నారు. ఎడ్మండ్‌సన్ స్వయంగా ఈ అపార్థాన్ని పదేపదే తోసిపుచ్చారు. ప్రమాణాలు తక్కువగా ఉండి భద్రత ఉంటే అది హాయిగా కాలక్షేపం చేసే చోటు. ప్రమాణాలు ఎక్కువై భద్రత లేకపోతే అది భయంతో దాచిపెట్టే చోటు. రెండూ ఎక్కువగా ఉన్న చోట విమర్శ పదునుగానే ఉంటుంది. ఆ విమర్శ దేనిపై పడుతుందన్నదే తేడా. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డినీసీ అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్‌పై అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను గుదిగుచ్చి చూస్తే, సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరును తగ్గించింది. పని మీంచి దృష్టి మళ్లి ‘నేనెలాంటివాణ్ణి’ అన్న ఆలోచన మీదికి వెళ్లినప్పుడు ఫీడ్‌బ్యాక్ చేసే మేలు తగ్గుతుందని వారి వివరణ. “మీ నివేదికలు ఎప్పుడూ గందరగోళమే” అన్న మాట విన్న మనిషి రాత్రంతా తన గురించి ఆలోచిస్తాడు. “రెండో పేజీలో ఖర్చులు నెలవారీగా ఉన్నాయి, నాలుగో పేజీలో త్రైమాసికంగా ఉన్నాయి, చదివేవారు పోల్చుకోలేరు” అన్న మాట విన్నవాడు అరగంటలో సరిచేస్తాడు. రెండో మాట చెప్పాలంటే ఆ నివేదికను నిజంగా చదివి ఉండాలి. సంవత్సరానికోసారి ఫారం నింపే అప్రైజల్‌లో ఇది దొరకకపోవడానికి కారణం అదే.

ఈ మూడు ముళ్లూ విడివిడిగా ఉండవు. జీతానికి ముడిపడిన అంకె నిజాన్ని దాచమంటుంది. దాచిన నిజం వల్ల పైవారు అసాధ్యమైన గడువులు పెడతారు. ఆ గడువులను అందుకోవడానికి రాత్రులు ఖర్చవుతాయి. అలసిన మనుషులు పొరపాట్లు చేసి వాటినీ దాస్తారు. కనుక ఒకదాన్ని బాగుచేస్తే మిగతావి వాటంతటవే దారికొస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు. మొదలుపెట్టడానికి సరైన చోటు మాత్రం ఒకటుంది. కొత్త పని అప్పగించే ప్రతిసారీ, దాని కోసం ఏ పాత పనిని ఆపాలో కూడా అప్పగించేవారే చెప్పాలన్న నియమం. డబ్బు ఖర్చు లేదు, సలహాదారులు అక్కరలేదు. అయినా ఎక్కువ సంస్థల్లో ఇది రెండు నెలలు కూడా నిలవదు, ఎందుకంటే ఏది ముఖ్యం కాదో నోరు తెరిచి చెప్పడం నాయకులకు అన్నిటికన్నా కష్టమైన పని.

ఏర్పాట్లన్నీ సరిచేసినా పని చేయని మనిషి ఉంటాడు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అలాంటివారిని ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు వదిలేయడం దయ అనిపించుకోదు. ఆ బరువు మోసేది పక్కవారే. తన నుంచి ఏం ఆశిస్తున్నారో ఆ ఉద్యోగికి స్పష్టంగా తెలుసా, అందుకు కావలసిన పనిముట్లు, అధికారం, సమయం ఇచ్చారా, నేర్చుకునే అవకాశం దొరికిందా అన్నవి ముందు తేల్చుకోవాలి. వీటన్నిటికీ అవునని జవాబు వచ్చాక, లోటు ఏమిటో ఉదాహరణలతో, గడువుతో, ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పాలి. అప్పటికీ కుదరకపోతే మరో పనికి మార్చడమో, మర్యాదగా సాగనంపడమో తప్పదు. ఆ ఉద్యోగి వెళ్లిన రోజున, పని సరిగ్గా ఎక్కడెక్కడ ఆగిపోయిందో రాసిపెట్టుకోవాలి. ఆరు నెలల తర్వాత కొత్తగా వచ్చినవారు కూడా అదే చోట ఆగిపోయి ఉంటే, మూడో మనిషి కోసం ప్రకటన ఇచ్చే ముందు ఆ ఉద్యోగాన్నే తిరగరాయాలి.